ఎవరి ఎదురూ అక్కర్లేని పరీక్ష

మా ఇంట్లో ఎవరైనా ముఖ్యమైన పని మీద బయటికి పోతున్నారంటే ముందు నన్ను లోపలికి పంపేవారు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు మొదలైంది ఇది. ఎవరూ కూర్చుని మాట్లాడుకుని పెట్టిన నియమం కాదు. అందుకే తీసేయమని అడుగుదామన్నా ఎవరిని అడగాలో తెలిసేది కాదు.

మొదలైన రోజు మాత్రం బాగా గుర్తుంది. చిన్నాయిన, అంటే మా బాపు తమ్ముడు, కానిస్టేబుల్ పరుగు పరీక్షకు బయలుదేరాడు. నల్లాలో నీళ్లు రాకపోతే నేను ఖాళీ బకెట్ పట్టుకుని వాకిట్లోంచి వెనక్కి వస్తున్నాను. గడప దగ్గర ఇద్దరం ఎదురుపడ్డాం. పరుగులో ఆయన చివరి రౌండు పూర్తి చేయలేకపోయాడు. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, "పొద్దుగాల పొద్దుగాల ఖాళీ బకెట్ పట్టుకొని తగిలింది ఈ పోరి. ఇగ ఉరుకుడు ఏడికెళ్లి వస్తది?" అన్నాడు.

ఆ నెలంతా ఆయన తెల్లవారి లేచి గ్రౌండుకు పోయింది లేదని ఇంట్లో అందరికీ తెలుసు. ముందురోజు బస్టాండు దగ్గర కడుపునిండా మిర్చి బజ్జీలు తిని వచ్చాడని కూడా తెలుసు. ఆ రెండు సంగతులూ ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తాను. అమ్మ నా నోరు మూసి వంటింట్లోకి ఈడ్చుకుపోయింది. చిన్నాయిన ఆ తర్వాత ఏ పరీక్షా రాయలేదు, బాపు దుకాణంలోనే కూర్చున్నాడు. మాది మ్యాచింగ్ సెంటర్, జాకెట్ ముక్కలు, ఫాల్స్, లైనింగులు అమ్ముతాం. ఎవరైనా గిరాకీ "పోలీసు నౌకరికి పోతవంటిరి గద" అని అడిగితే, ఇప్పటికీ ఆయన బకెట్ కథే చెబుతాడు. కథలో బకెట్ ఏటేటా పెద్దదవుతోంది.

మా వైపు పరీక్షకో, పెండ్లిచూపులకో, కొత్త దుకాణం తెరవడానికో బయలుదేరిన మనిషికి గడప దాటగానే మంచి మనిషి ఒకరు ముందు నుంచి నడిచి రావాలి. దాన్ని ఎదురు రావడం అంటారు. నిండు బిందెతో ముత్తయిదువ వస్తే ఇక తిరుగు లేదంటారు. మా గల్లీలో ఆ పనికి పేరున్న మనిషి మా పెద్దమ్మ, బాపు అన్న భార్య. రెండు పోర్షన్ల ఇల్లు మాది. ముందు పోర్షన్ పెద్దమ్మ వాళ్లది, వెనకది మాది. గ్రూప్స్ రాసేవాళ్లు, ఇంటర్వ్యూలకు పోయేవాళ్లు మా వాకిలి ముందు ఆటో ఆపి "పెద్దమ్మా, జర ఎదురు రా" అని పిలిచేవారు. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని, బిందె నింపుకుని, ఆటో దాటి నాలుగడుగులు అవతలికి పోయి, అక్కడ వెనక్కి తిరిగి, అప్పుడే ఏదో పని మీద అటు నుంచి వస్తున్నట్టు నడిచొచ్చేది. అందరి కళ్ల ముందే బిందె పట్టుకుని పోయి, అందరి కళ్ల ముందే తిరిగొచ్చే ఆ మనిషిని చూసి ఆటోలో ఉన్నవాళ్లు దండం పెట్టుకునేవారు. నేను ఇదంతా కిటికీ వెనక నుంచి చూసేదాన్ని. నా జాగ అక్కడే కదా.

నా ఎంసెట్ రోజు పెద్దమ్మకు తలనొప్పి వచ్చింది. "మంచంల నుంచి లేస్తలేను బిడ్డా, నువ్వు పో" అంది. పోయాను. గల్లీ చివర వెనక్కి తిరిగి చూస్తే, అదే పరీక్షకు పోతున్న పక్కింటి అబ్బాయికి బిందెతో ఎదురు వస్తోంది. అతనికి నాకంటే చాలా వెనక ర్యాంకు వచ్చింది. ఆ సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు.

నేను సివిల్ ఇంజినీరింగ్ చదివాను. మర్కూక్ వైపు కాలువ పనుల్లో మట్టి పరీక్షలు చేసే చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. కట్ట మీద పొరలు పొరలుగా మట్టి పోసి రోలర్ తిప్పుతారు. ఆ పొర గట్టిపడిందో లేదో తేల్చి చెప్పడం నా పని. తక్కువగా ఉంటే మళ్లీ తిప్పమనేదాన్ని. అక్కడి సూపర్‌వైజర్ నన్ను దూరం నుంచి చూడగానే "అగో, మేడం ఎదురొస్తుంది. ఇయ్యాల పని ఆగినట్టే" అనేవాడు. మా ఇంటి సంగతి అతనికి తెలియదు. తెలియకుండానే అన్నాడు కాబట్టి అతన్ని ఒక్కడిని క్షమించాను.

ఆ కట్టల మీద తిరుగుతున్నప్పుడే మట్టి గురించి ఇంకా చదవాలనిపించింది. ఏ మట్టి నీళ్లను ఆపుతుంది, ఏది నానితే జారుతుంది, ఎందుకు. అమెరికాలో దాని మీదే పనిచేసే ప్రొఫెసర్ ఒకాయన రాసిన పేపర్లు చదివి ఆయనకు మెయిల్ పెట్టాను. జవాబు వస్తుందనుకోలేదు. వచ్చింది. ఈ ఏడాది ఒక్కరినే తీసుకుంటానని, చలికాలం అప్లికేషన్లలో నన్ను చూస్తానని రాశాడు. చాలా యూనివర్సిటీలు జీఆర్ఈ పరీక్ష అడగడం మానేశాయి. ఆయన డిపార్ట్‌మెంట్ మానలేదు. గడువు లోపల స్కోరు అందకపోతే ఆ ఒక్క సీటు ఇంకెవరికో పోతుంది. నాకు కావలసింది ఆ సీటు.

ఉద్యోగానికి సెలవు పెట్టి, కోచింగ్ కోసం హైదరాబాద్‌లో హాస్టల్ గది కిరాయికి తీసుకుని నెల రోజులున్నాను. మొదటి రోజే సారు అందరినీ ఊళ్లు అడిగాడు. నా దగ్గరికి వచ్చేసరికి "సిద్దిపేటా అమ్మా? అయితే క్వాంట్ గట్టిగా చూసుకోండి. వెర్బల్ మీద మరీ ఆశ పెట్టుకోకండి" అన్నాడు. క్వాంట్ అంటే లెక్కలు, వెర్బల్ అంటే ఇంగ్లీషు. నా పక్కన కూర్చున్న నగరం అమ్మాయి అప్పటిదాకా ఒక్క లెక్కా చేయలేదు. ఆమెను ఏమీ అనలేదు. నెల నిండగానే వచ్చేశాను. పుస్తకాల్లో ఉన్నదాన్ని చదవడానికి ఆయన ముఖం చూడాల్సిన అవసరం కనిపించలేదు.

సెలవు పొడిగించుకుని మా ఊరి గ్రంథాలయంలో కూర్చున్నాను. అక్కడ రీడింగ్ హాల్ తెరిచేసరికే నిండిపోతుంది. కుర్చీలు చాలక ఎవరి ప్లాస్టిక్ కుర్చీ వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకుని, టిఫిన్ డబ్బా కాళ్ల దగ్గర పెట్టుకుని చదువుతారు. అందరిదీ ప్రభుత్వ ఉద్యోగాల చదువు. నాది ఒక్కదానిదే వేరే. నా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి గ్రూప్స్‌కు చదివేది. మా గల్లీ చివరి ఇల్లే వాళ్లది. ఒకరోజు నా పుస్తకంలోకి తొంగిచూసింది.

"అక్కా, మా సిలబస్‌ల కాకతీయులున్నరు. మీ దాంట్ల ఎవరున్నరు?"

"మా దాంట్ల ఎవ్వరు లేరు. పదాలే."

"ఉత్త పదాలకే అమెరికా పిలుస్తదా? గిదేదో మంచిగనే ఉన్నది. నేనే గా పుస్తకం కొంటే అయిపోయేది."

ఉత్త పదాలు అంత తేలిక కాదు. రోజూ బండెడు చదివితే మర్నాటికి చారెడు మిగిలేవి. చివరికి నాకు నేనే ఒక ఉపాయం కనిపెట్టుకున్నాను. ప్రతి పదానికీ నన్ను అవమానించిన మనిషిని ఒకరిని అంటగట్టాను. సాకులు చెప్పేవాడు అనే పదం చిన్నాయినకు. పైకొక మాట, లోపలొక మాట అనే పదం పెద్దమ్మకు. చూడకుండానే తీర్పు చెప్పేవాడు అనే పదం కోచింగ్ సారుకు. ఊరందరి తప్పూ మోసే మనిషి అనే పదం ఎవరికీ ఇవ్వలేదు, అది నాదే. మనుషులు సరిపోక బడిలో నా పెన్సిల్ డబ్బా తీసుకుని విరగ్గొట్టిన పిల్ల దాకా పోయాను. "పాత ముచ్చట్లు మనసుల పెట్టుకోకే" అని అమ్మ నాకు ఎప్పుడూ చెప్పేది. పెట్టుకోకపోతే ఆ పదాలన్నీ ఎక్కడ దాచుకునేదాన్ని?

ఈ పరీక్షను సెంటర్‌కు పోయి రాయొచ్చు, ఇంట్లో కూర్చుని మన కంప్యూటర్ మీదా రాయొచ్చు. నేను ఇల్లే ఎంచుకున్నాను. ప్రయాణం తప్పుతుందని అందరికీ చెప్పాను. అసలు కారణం వేరు. ఇంట్లోనే రాస్తే నేను ఎక్కడికీ బయలుదేరను. బయలుదేరకపోతే ఎవరు ఎదురొచ్చారు, ఎవరు రాలేదు అనే మాటే పుట్టదు. ఈ పరీక్షలో వాళ్లకు ఏ పాత్రా ఉండకూడదనుకున్నాను.

కానీ తలుపు వేసుకునే గది కావాలి, అందులో నేను తప్ప ఎవరూ ఉండకూడదు. మా పోర్షన్‌లో రెండు గదుల మధ్య పరదానే ఉంటుంది. తలుపున్న గది పెద్దమ్మ వాళ్లదే. అడగడానికి నాకు మనసొప్పలేదు, అమ్మ పోయి అడిగింది. పెద్దమ్మ వెంటనే ఇస్తానంది. ఆ గది లోపలి గడియ ఎప్పుడో ఊడిపోయింది. బాపు ఆదివారం బిగిస్తానన్నాడు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి.

పరీక్ష ముందురోజు గదిలో బీరువా మీది మూటలు దించుతుంటే పెద్దమ్మ వచ్చి నిలబడింది.

"పట్టపగలు తలుపేసుకొని కూసుంటవా? సూసినోళ్లు ఇంట్ల ఏదో లొల్లయింది అనుకుంటరు."

"పరీక్ష పెద్దమ్మా. ఎవ్వరు లోపలికి రావొద్దు. చప్పుడు సుత రావొద్దు."

"మరి నువ్వు సూసి రాస్తలేవని వాళ్లకెట్ల తెలుస్తది?"

"కంప్యూటర్ల కెమెరా ఉంటది. అవుతల ఒకామె కూసొని నన్నే సూస్తుంటది."

"నిన్నొక్కదాన్నే? లేవకుండ? పాపం, ఆమెకు ఇల్లూ వాకిలి లేవా?" అని కాసేపు ఆలోచించి, "మరి ఎదురు?" అంది.

"ఎదురెందుకు? నేను యాడికి పోతలేను గద."

"ఇంట్ల రాసినా పరీక్ష పరీక్షనే గద బిడ్డా."

"నాకు ఎవ్వరి ఎదురు అక్కర్లేదు పెద్దమ్మా."

ఎంసెట్ నాటి నుంచి దాచుకున్న మాట అది. ఆమె దిండ్లు తీసుకుని వెళ్లిపోయింది. బాగానే తగిలిందనుకున్నాను.

మర్నాడు పొద్దున పరీక్ష మొదలైంది. అవతలి నుంచి చూసే ఆమె ఇంగ్లీషులో పాస్‌పోర్టు చూపించమంది, చెవులు కనబడేలా జుట్టు వెనక్కి కట్టుకోమంది. ల్యాప్‌టాప్ తిప్పి గది నాలుగు మూలలూ, టేబుల్ కిందా చూపించమంది. గోడ మీద వరసగా ఉన్న దేవుళ్ల పటాలను ఒక్కొక్కటే చూసి, వాటి వెనక ఏముందని అడిగింది. సున్నం అని చెప్పాను. తలుపు కెమెరాలో కనబడాలి కాబట్టి నేను తలుపుకు వీపు పెట్టి కూర్చోవాలి. నా టేబుల్‌కూ ఎదుటి గోడకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు మిగిలింది. ఆ సందు గురించి ఆమె ఏమీ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

మొదట వ్యాసం. పెద్ద పెద్ద ప్రాజెక్టులను నిపుణులకే వదిలేయాలా, అందరినీ అడగాలా అనే విషయం ఇచ్చారు. నాకు తెలిసిన విషయమే, మట్టి కట్టల మీద తిరిగినదాన్ని. వేళ్లు ఆగకుండా పోతున్నాయి. రెండో పేరా సగంలో ఉండగా పసుపు వాసన వచ్చింది.

తలెత్తితే ల్యాప్‌టాప్ వెనక, ఆ సందులో, పెద్దమ్మ.

పెండ్లిళ్లకు కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుంది. ముఖానికి పసుపు, రూపాయంత బొట్టు, నడుం మీద నిండు బిందె. పెదవులు గట్టిగా మూసుకుని ఉన్నాయి, నవ్వు మాత్రం ఆగడం లేదు. గోడ దగ్గర నుంచి నా వైపు రెండడుగులు నడిచింది. అంతకంటే జాగ లేదు. తర్వాత బిందె తొణక్కుండా పక్కకు తిరిగి, బీరువాను రాసుకుంటూ, వచ్చిన దారినే తలుపు వైపు పోసాగింది.

తెర మీద వ్యాసం మాయమైంది. గదిలో ఎవరున్నారని కెమెరా అవతలి ఆమె గొంతు అడిగింది.

మా పెద్దమ్మ అన్నాను. ఎందుకు వచ్చిందని అడిగింది. శుభం కోసం అన్నాను. ఆమె చేతిలో ఏముందని అడిగింది. వాటర్ అన్నాను. "వాటర్ ఎందుకు?" అంది. శకునానికి సంబంధించిన పదాలు నా జాబితాలో ఒక పేజీ నిండా ఉన్నాయి. మంచి శకునం, చెడ్డ శకునం, శకునం చూసే మనిషి, శకునాలను నమ్మని మనిషి. ఒక్కటీ నోటికి రాలేదు. పరీక్ష సమయంలో గదిలోకి వేరే మనిషి వచ్చారు కాబట్టి మీ పరీక్ష రద్దవుతోంది అని, చాలా మర్యాదగా చెప్పి ఆమె వెళ్లిపోయింది.

నేను అరిచిన అరుపుకు అందరూ వాకిట్లోకి వచ్చారు. పెద్దమ్మ బిందె దించకుండానే నిలబడింది.

"నేను నోరు తెరవనే లేదు గదనే! సప్పుడు సుత చేయలే!"

"ఎవ్వరు రావొద్దని చెప్పిన గద!"

"ఎదురొస్తే అది వచ్చినట్టా? మొకం సూపిచ్చి పోదామనుకున్న."

"తలుపు కాడనే నిలబడొద్దా మరి? నా ముందుకెందుకు వచ్చినవ్?"

"వెనక నుంచి వస్తే ఎదురెట్లయితది, నువ్వే చెప్పు!"

బాపు "ఊకో బిడ్డా, ఊకో. మల్ల రాద్దువు" అన్నాడు. చిన్నాయిన గడప మీద కూర్చుని తల ఊపాడు. "వదిన ఎదురొస్తే చెడిపోయిన పని ఇంతవరకు సూడలే నేను. దీని నసీబు ఎంత జబర్దస్తుగున్నదో సూడున్రి, వదిన ఎదురును సుత గెలిచింది" అన్నాడు.

అంటే అది కూడా నా మీదికే వచ్చింది. పరీక్ష పాడైంది నాది, పాడుచేసింది వాళ్లు, తప్పు నా ముఖానిది.

నేను ఏడవలేదు. ఆ రోజే పరీక్ష నడిపే వాళ్లకు ఫిర్యాదు రాశాను. ఇంగ్లీషు చదవడం రాని మనిషి నీళ్ల బిందెతో వచ్చి నాకు ఏ జవాబు చెప్పగలదు, మీ కెమెరాలో అంతా ఉంది, చూసి తేల్చండి అని అడిగాను. నిబంధన ప్రకారం రద్దయింది, చింతిస్తున్నాం అని జవాబు వచ్చింది. మళ్లీ రాశాను. ఆ మాటలే, వరస మార్చి పంపారు. ఇంకా పై వాళ్ల పేరు మీద మళ్లీ రాశాను. ఏం లాభం అని అమ్మ అడిగింది. లాభం కోసం కాదు, నేను ఒప్పుకోలేదని వాళ్ల దగ్గర ఉండాలి అన్నాను. ఒక్క మాట మాత్రం వాళ్ల తరఫున చెప్పాలి. వాళ్ల నిబంధన మొదటి రోజు నుంచి నా కళ్ల ముందుంది, అందరికీ ఒకటే. నా నసీబు గురించి వాళ్లు ఏమీ అనలేదు.

మళ్లీ రాయాలంటే కొన్ని వారాలు ఆగాలి. ఆగితే ప్రొఫెసర్ గడువుకు ముందు మిగిలింది ఒకే ఒక్క తేదీ, అదీ హైదరాబాద్ సెంటర్లో. ఫీజు మళ్లీ కట్టాను. అది తప్పితే ఈ ఏడాదికి ఇంకో దారి లేదు.

ఈలోగా కథ గల్లీలో పాకింది. పాకుతూ పాకుతూ మారింది. రీడింగ్ హాల్లో పక్క కుర్చీ అమ్మాయి గొంతు తగ్గించి అంది, "అక్కా, మీ పెద్దమ్మ ఎదురొస్తే కంప్యూటరే బందయిందంట గద. వచ్చే వారం నాకు పరీక్షున్నది. ఈసారి ఆమెను పిలువొద్దన్నది మా అమ్మ."

ఆ వారం నేను వాకిట్లో ఉండగానే ఆ అమ్మాయి పోయే ఆటో వచ్చింది. శబ్దం వినగానే పెద్దమ్మ అలవాటుగా బిందె నింపుకుని గేటు దగ్గరికి వచ్చింది. ఆటో ఆగలేదు. లోపల ఆ అమ్మాయి నా వైపు చూసి తల దించుకుంది. పెద్దమ్మ కాసేపు అట్లాగే నిలబడి, ఆ నీళ్లు జామచెట్టు మొదట్లో పోసి లోపలికి పోయింది. ఆ తర్వాత గల్లీలో ఎవరి ఆటో చప్పుడైనా ఆమె తలుపు దగ్గరికి వేసుకోవడం చూశాను.

నాకు సంతోషం కలగాలి. కలుగుతుందేమోనని కాసేపు చూశాను కూడా. రాలేదు, కోపం వచ్చింది. నన్ను ఇన్నేళ్లు లోపల పెట్టిన మాట తప్పుడు మాటైతే, ఆమెను లోపల పెట్టినా అది తప్పుడు మాటే. మనిషి మారినంత మాత్రాన మాట నిజమైపోదు.

హైదరాబాద్ పోయే రోజు తెల్లవారి తయారై బయటికొస్తే ముందు పోర్షన్ తలుపు మూసి ఉంది. లోపల దీపం వెలుగుతోంది. బాపు స్కూటర్ బయట పెట్టి నా కోసం చూస్తున్నాడు. నేను పోయి తలుపు కొట్టాను.

"పెద్దమ్మా, తలుపు తియ్యి."

"నువ్వు గల్లి దాటినంక తీస్త. పో బిడ్డా, బస్సుకు యాళ్లయితది."

"ఎందుకు మూసుకున్నవ్?"

"నా మొకం మంచిగ లేదంటున్నరు."

"ఎవరన్నరు?"

"అందరు."

"నా మొకం గురించి సుత అందరే అన్నరు. అండ్ల నువ్వు సుత ఉన్నవ్."

"ఇప్పుడే గుర్తుజేయాల్నా, పరీక్షకు పొయ్యేటప్పుడు?"

"ఇప్పుడు కాకుంటె మల్లెప్పుడు ఇంటవు?"

"ఎంసెట్ నాడు నిజంగనే తల నొచ్చింది బిడ్డా."

"మరి పక్కింటోనికి బిందె ఎట్ల లేపినవ్?"

బాపు హారన్ కొట్టాడు.

"పెద్దమ్మా, నన్ను దీవించమని అడుగుతలేను, ఎదురు రమ్మని అడుగుతలేను. నేను పోతున్ననని తలుపు మూసుకోకు. గంతే."

తలుపు తీసిందో లేదో నాకు తెలియదు. వెనక్కి తిరిగి చూడలేదు. నేను చెప్పాల్సింది చెప్పేశాను, ఆమె ఏం చేస్తుందన్నది ఆమె పని.

స్కూటర్ మీద బాపు మెల్లగా అడిగాడు, "ఎవరన్న ఎదురొచ్చిన్రా, చూసుకున్నవా?"

"నువ్వు రోడ్డు చూసి నడుపు బాపూ."

బస్టాండు ముందు చాయ్ డబ్బా దగ్గర చిన్నాయిన గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు, చేతిలో బ్యాగుంది. లేకపోయినా ఊపేదాన్ని కాదు.

సెంటర్లో బ్యాగు, వాచీ, ఫోను అన్నీ లాకర్లో పెట్టించారు. చిన్న చిన్న అరల్లో వరసగా కంప్యూటర్లు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారని ఎవరూ అడగలేదు. వ్యాసం చివరి వాక్యం దాకా రాశాను, రాసినదాన్ని ఒకసారి చదువుకున్నాను కూడా. లెక్కలు ఇబ్బంది పెట్టలేదు. వెర్బల్ రెండో భాగం గట్టిగానే ఉంది. అయినా ఒక్కో పదం కనబడగానే దాని వెనక ఒక్కో మనిషి వచ్చి నిలబడ్డారు. పెన్సిల్ డబ్బా పిల్ల కూడా వచ్చింది. జీవితంలో మొదటిసారి వాళ్లందరూ నాకు పనికొచ్చారు.

అన్నీ అయ్యాక తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ మార్కులను ఉంచుకుంటారా, రద్దు చేసుకుంటారా? మార్కులు ఇంకా చూపించలేదు. చూపించకముందే తేల్చుకోవాలి. రద్దు అంటే ఎంత వచ్చిందో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఉంచుకుంటే ఎంత వచ్చినా అదే నా స్కోరు, ప్రొఫెసర్ చూసేదీ అదే.

వెర్బల్లో నాలుగైదు ప్రశ్నలు నన్ను పీకుతున్నాయి. ఏం జరిగిందో చూడకముందే చెడ్డదని తేల్చేసి, తలుపు మూసేయడం మా ఇంట్లో అందరికీ వచ్చిన విద్య. నన్ను కూడా అదే చేయమని ఆ తెర అడుగుతున్నట్టనిపించింది. ఉంచుకుంటాను అనే దాని మీద నొక్కాను. నిజంగానేనా అని మళ్లీ అడిగింది. మళ్లీ నొక్కాను.

క్వాంట్ నేను అనుకున్నంత వచ్చింది. వెర్బల్ కోచింగ్ సారు చెప్పినంత తక్కువ రాలేదు, నేను కలగన్నంతా రాలేదు. ఆ డిపార్ట్‌మెంట్ అడిగినదానికి సరిపోయింది. సీటు వస్తుందో రాదో ఇంకా తెలియదు, కానీ నా స్కోరు గడువులోపల ఆయన ముందుంటుంది.

లాకర్లోంచి ఫోను తీసి బయటికొచ్చి బాపుకు చేశాను. దుకాణంలో ఫోను చిన్నాయిన ఎత్తాడు.

"ఎట్లయింది?"

చెప్పాను.

"గంత వస్తే మంచిదేనా?"

"సరిపోతది."

"సూసినవా మరి!" ఆయన గొంతు ఒక్కసారిగా పెరిగింది. "పొద్దుగాల బస్టాండు కాడ ఎవరెదురైన్రు నీకు? నేనే! నీ స్కూటర్ రాంగ సూసి, కావాల్ననే అటు దిక్కు నుంచి నడిచొచ్చిన. ఇగ నా ఎదురంటే ఏందో గల్లీల అందరికి ఎరుకైతది."

"చిన్నాయినా, ఫోను స్పీకర్ల పెట్టు."

"ఎందుకు?"

"పెట్టు."

పెట్టాడు. ఫ్యాను చప్పుడు, బాపు దగ్గు, ఎవరో గిరాకీ బేరమాడడం వినిపించాయి. అందరికీ వినబడేలా గట్టిగా చెప్పాను.

"నాకు ఎవ్వరు ఎదురు రాలే. చిన్నాయిన గాడ నిలబడి చాయ్ తాగిండు. పరీక్ష నేను రాసిన, మార్కులు నావి. ఇంట్ల, గల్లీల ఎవరడిగినా గిదే చెప్పున్రి. పెద్దమ్మకు సుత గిదే చెప్పున్రి."

ఆ గిరాకీ గొంతు దగ్గరగా వినబడింది. "ఎవరమ్మా, ఏం పరీక్ష?" అని అడుగుతోంది. ఆమెకు మొదటి నుంచి మళ్లీ చెప్పాను.